తిమ్మిరి

ఏప్రిల్ 9
ఎడమకాలి చెప్పు ఎక్కడ జారిపోయిందో! బజారు నుంచి గేటు దాకా ఒంటిచెప్పుతోనే వచ్చాను. ఎదురింటి పిల్లాడు "తాతగారూ, మీ చెప్పు" అంటూ వెనకే పరిగెత్తుకొచ్చాడు. పరధ్యానం అనేసి నవ్వాను. తారురోడ్డు కాలిపోతోంది కదా, మరి?

ఏప్రిల్ 17
రాత్రయితే అరికాళ్ళు భగభగ. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేను. పగలేమో దూది మీద నడుస్తున్నట్టు. తాకితే తెలియని చోట మంట ఎలా పుడుతుంది? ముప్పై ఏళ్ళు నాడీవ్యవస్థ పాఠం చెప్పాను. ఒక్క పిల్లా ఈ ప్రశ్న అడగలేదు. అడిగుంటే ఏం చెప్పేవాణ్ణో.

ఏప్రిల్ 28
మొహానికి సబ్బు రాసుకుని కళ్ళు మూశానో లేదో, పక్కకి ఒరిగిపోయాను. కుళాయి పట్టుకుని ఆగాను. కళ్ళు తెరిస్తే మామూలే. అంటే ఇన్నాళ్ళూ నన్ను నిలబెడుతున్నది కాళ్ళు కావా?
మా ఆవిడకి చెప్పలేదు.

మే 6
గచ్చు మీద ఎర్రటి చుక్కలు, వంటింట్లోంచి వరండా దాకా. "ఎవరికండీ దెబ్బ తగిలింది?" అని ఆవిడ వెతుకుతోంది. నాకే. ఎడమ బొటనవేలి కింద గాజుపెంకు.
బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో ఆ బొమ్మ. ముల్లు, పాదం, అభివాహి నాడి, వెన్నుపాము, అపవాహి నాడి, కండరం. కాలు లాగేసుకున్నాకే మెదడుకి కబురు అందుతుందర్రా అనేవాణ్ణి. ఇవాళ కాలూ లాగలేదు, కబురూ అందలేదు.

మే 8
డాక్టరు దగ్గర. సన్నటి నైలాన్ పోగు. అది వంగేదాకా నొక్కితే పది గ్రాముల ఒత్తిడట. "కళ్ళు మూసుకోండి మాస్టారూ, తగిలినప్పుడల్లా చెప్పండి." ఎదురుచూశాను. ఇంకా మొదలెట్టలేదేమిటా అనుకుంటుంటే, అయిపోయిందన్నాడు.
128 హెర్ట్జ్ శృతిదండం బొటనవేలి మీద పెడితే ఏమీ లేదు. మోకాలి దగ్గర మాత్రం జుమ్మంది. మడమ పైన సుత్తితో కొడితే పాదం ఉలకలేదు.
పన్నెండేళ్ళ షుగరు. పొడవాటి నాడులకే ముందు దెబ్బ, మేజోడు తొడిగినంత మేర. నడుం దగ్గర్నుంచి కాలివేలి దాకా ఒక్కటే కణం తోక అంటే పిల్లలు నోళ్ళు తెరిచేవారు. అంత పొడుగు ఎందుకో అనిపించింది, తిరిగొస్తుంటే.

మే 19
మంటకి మిరప సారం మలాం ఇచ్చాడు. గాయం ఉన్న కాలికి వద్దట, కుడికాలికే. గుంటూరులో పుట్టి కాలికి కారం రాసుకోవడం! వేడిని పసిగట్టే ద్వారాన్నే కారం కూడా తడుతుందని డేవిడ్ జూలియస్ బృందం 1997లో తేల్చింది. 2021లో నోబెల్. నేను రిటైరయ్యాక. ఎంత బాగా చెప్పేవాణ్ణి ఆ పాఠం!
ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నాను. అక్కడి నాడులు భేషుగ్గా ఉన్నాయి.

జూన్ 2
రోజూ అరికాళ్ళు అద్దంలో చూసుకోవాలి. నడుం వంగదు. ఆవిడే పీట వేసుకుని చూస్తోంది. స్నానం నీళ్ళలో కూడా ముందు తన మోచెయ్యే. చెయ్యి పెట్టి "ఊ, రండి" అంటుంది.

జూన్ 11
గాయం మూసుకుంది. ఆవిడ వేలూ వేలూ తడుముతూ, "తెలుస్తోందా?" అంది.
"ఊ."
"ఏ వేలు?"
"చిటికెన వేలు."
"చూసి కాదు. కళ్ళు మూసుకుని చెప్పండి."