బంక, మసి, ఎండ

మా జైపూరు గోదావరి లోయలోని బొగ్గు సీమకు చెందినది. ఇచట బట్టకు మసి యంటినచో దానిని వదలించుటకు పాటుపడుదురే గాని, మసితో బొమ్మలు చేయవచ్చునని తలచువారు అరుదు. పొలము గట్టున తుమ్మచెట్టు కార్చిన బంకయు పిల్లల ఆటలకే గాని పెద్దల లెక్కకు రాదు. ఇట్టి వస్తువులతోనే, నూరేండ్లకు పూర్వము, అమెరికాలో ఒక స్త్రీ ఛాయాచిత్రములను ముద్రించి పేరుగాంచెను. ఆమెయే గెర్ట్రూడ్ కేసెబియర్.

ఆమె 1852లో జన్మించెను. ముగ్గురు బిడ్డల తల్లియైన పిదప, 1889లో, చిత్రకళ నేర్చుటకు బ్రూక్లిన్‌లోని ప్రాట్ విద్యాలయమున చేరెను. 1897లో న్యూయార్కున సొంత స్టూడియో తెరచెను. ఛాయాచిత్రము యంత్రము చేయు పని యనియు, అందు కళ లేదనియు ఆనాడు పలువురు వాదించుచుండిరి. కాదని నిరూపింప బూనినవారే పిక్టోరియలిస్టులు. వారు 1902లో స్థాపించిన ‘ఫోటో సెసెషన్’ సంఘపు తొలి సభ్యులలో ఆమె యొకతె.

ఆమె ప్లాటినపు కాగితముపైనను ముద్రించెను గాని, నన్నాకర్షించినది బంక పద్ధతియే. బంకను నీట కరగించి, అందు దీపపు మసి వంటి రంగుపొడిని, పొటాషియం బైక్రోమేటు అను లవణమును కలిపి, కుంచెతో కాగితముపై పూయుదురు. (ఈ లవణము విషము, మీరు ముట్టుకొనవలదు.) పూత ఆరిన పిదప దానిపై నెగెటివును పరచి ఎండలో నుంచుదురు. వెలుతురు సోకినచోట బంక గట్టిపడును. తరువాత కాగితమును నీటిలో నుంచగా, గట్టిపడని బంక రంగుతో కూడ జారిపోవును. తడి యారకముందే కుంచెతో తాకి అక్కరలేని గీతను చెరపవచ్చును, చీకటిని పలుచన చేయవచ్చును. అందుచేత ఒకే నెగెటివు నుండి తీసిన రెండు ప్రతులైనను అచ్చముగా నొక్కటిగా నుండవు.

వెలుగు నీడలను ఇట్లు చేతిలో నుంచుకొన్న ఆమెకు ఒకమారు ఎదురుమాట తప్పలేదు. 1898లో బఫెలో బిల్ ప్రదర్శన బృందముతో వచ్చిన సూ జాతివారిని ఆమె తన స్టూడియోకు ఆహ్వానించెను. వారు తమకున్న మేలైన దుస్తులు ధరించి వచ్చిరి. ఆమె ఐరన్ టెయిల్ అను నాయకుని ఈకల శిరోభూషణమును, అలంకారములను తీయించి, నిరాడంబరమైన ఆ ముఖమును చిత్రించెను. ఆమె కోరినది సరిగా అదియే. కొన్ని దినములకు ప్రతి నందుకొనిన ఆయన, మిక్కిలి నల్లగా నున్నదని దానిని చింపివైచెను. ఆమె మరల ఈకలతోనే చిత్రమును తీయగా ఆయన సంతసించెను.

రసజ్ఞులు మొదటి చిత్రమునే మెచ్చుదురు. అది గొప్పదని నేనును ఒప్పుకొందును. కాని ఆ ముఖము ఐరన్ టెయిల్‌ది. ఆ ఈకలు ఆయన గౌరవమునకు గుర్తులు. మన ఇండ్లలో పెద్దవారు ఫోటో దిగునపుడు పెట్టెలోని పట్టుచీరను, కొత్త తలపాగాను పైకి తీయుదురు గదా! దానిని బడాయి యనుటకు నాకు మనసొప్పదు. మన హైదరాబాదులో లాలా దీన్ దయాళ్ 1892లో ఘోషా స్త్రీల కొరకు జనానా స్టూడియో నెలకొల్పి, కెన్నీ-లెవిక్ అను ఆంగ్ల మహిళకు అప్పగించెను. చుట్టును ఎత్తైన గోడలు. పురుషుల కన్ను అచట పడరాదు. చిత్రము ఎట్లు తీయవలెనో అచట కూర్చుండువారి మర్యాదయే నిర్ణయించినది.

కేసెబియర్ 1934లో మరణించెను. ఆమె తీసిన సూ జాతివారి చిత్రములు పెక్కు నేడు వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ సంస్థలో భద్రముగా నున్నవి. ఐరన్ టెయిల్ చింపినది ఒక ప్రతిని మాత్రమే. ఈకలు లేని ఆ ముఖమును, ఈకలు ధరించిన ముఖమును లోకము నేటికిని చూచుచున్నది.