పడమటి గాలి

కావ్యానికి అలంకారాలు శరీరానికి హారాల వంటివన్న మమ్మటుని మాటను ఇరవై ఐదేళ్ళుగా తరగతిలో చెబుతూ వచ్చాను. దానిని నాచేత తిరిగి ఆలోచింపజేసినది ఒక రైలుబండి అంటే మా విద్యార్థులు నవ్వుతారేమో!

2018లో మా అమ్మాయిని చూడడానికి షికాగో వెళ్ళాను. అక్కడి విజ్ఞాన, పరిశ్రమల మ్యూజియంలో ‘పయొనీర్ జెఫైర్’ అనే పాత రైలును చూశాను. నేను చిన్ననాడు మాచర్ల బొగ్గుబండిలో ప్రయాణించి కంట్లో నలుసులతో దిగినవాడిని. రైలంటే నల్లని ఇనుపకొండ అనే ఎరుగుదును. ఇదేమో ఏటవాలు ముఖంతో, రంగుపూత లేకుండానే తళతళలాడుతున్నది. మన వంటింటి పళ్ళేలకు వాడే స్టెయిన్‌లెస్ స్టీలే దాని దేహం!

1930ల ఆర్థికమాంద్యంలో అమెరికా రైళ్ళకు ప్రయాణికులు కరవయ్యారు. వారిని మళ్ళీ ఆకర్షించడానికి బర్లింగ్టన్ రైల్వే అధ్యక్షుడు రాల్ఫ్ బడ్ 1934లో మూడు పెట్టెల ఈ డీజిల్ బండిని నడిపించాడు. చాసర్ కావ్యంలో కనిపించే పడమటి గాలి పేరే దానికి పెట్టాడు. మన కవుల చల్లగాలి మాత్రం దక్షిణాన మలయపర్వతం నుండి వీస్తుంది.

పెట్టెల పక్కల పొడవునా సాగిన గాడులను శోభకోసం తీర్చినవే అనుకున్నాను. పలుచని రేకుకు బిగువునిచ్చేవి కూడా ఆ మడతలేనట. పక్కపక్కనున్న రెండు పెట్టెల కొసలను ఒకే చక్రాల చట్రం మోస్తుంది. ఆ విధంగా బరువు తగ్గింది. గాలిని చీల్చుకొని పోవడానికే ఆ ముఖం అలా వంగింది. మరి ఇందులో హారమేది, శరీరమేది?

1934 మే 26న అది డెన్వర్ నుండి షికాగోకు 1,015 మైళ్ళను ఎక్కడా ఆగకుండా 13 గంటల 5 నిమిషాలలో చేరింది. దారిలో తీగ కాలి ఇంజను ఆగితే, బండి ఇంకా దొర్లుతుండగానే ఒక ఉద్యోగి తెగిన కొసలను చేతులతో కలిపి పట్టుకొన్నాడు. చేతులు కాలాయి, ఇంజను కదిలింది. అన్నట్టు, ఆ ప్రయాణికులలో ఒక గాడిదపిల్ల కూడా ఉన్నది!

జెఫైర్ కంటే కొద్ది నెలల ముందే వచ్చిన యూనియన్ పసిఫిక్ వారి అల్యూమినియం బండి, ఎం-10000, ఇంత అదృష్టం చేసుకోలేదు. యుద్ధానికి లోహం కావలసివచ్చి 1942లో దానిని ముక్కలు చేశారు. జెఫైర్ 1960 వరకు నడిచి మ్యూజియం చేరింది. ఆ గాడులపై చేయి వేసి చాలాసేపు నిలబడ్డాను.

ఆ యేడు తరగతిలో హారం ఉపమానం దగ్గరికి వచ్చి ఆగిపోయాను. ముందు బల్లలోని అమ్మాయి కలం ఎత్తి, “తరువాత, సార్?” అన్నది.