తారు ఇసుకల నది

కెనడా దేశపు పడమటి భాగంలో ఆల్బర్టా అనే రాష్ట్రం ఉన్నది. దాని రాజధాని అయిన ఎడ్మంటన్ నుంచి ఉత్తరంగా 270 మైళ్ళు పోతే ఫోర్ట్ మెక్‌మరే అనే ఊరు వస్తుంది. దక్షిణం నుంచి ఆ ఊరికి ఉన్న పెద్ద రోడ్డు ఒక్కటే. దానికి రెండు పక్కలా సన్నగా పొడుగ్గా పెరిగిన స్ప్రూస్ చెట్లు, వాటి మధ్య బురద నేలలు. ఆ నేలలను అక్కడివాళ్ళు మస్కెగ్ అంటారు. వేసవిలో వాటిమీద లారీ మాట అలా ఉంచి, మనిషి నడవటమే కష్టం. అందుచేత అక్కడ బావులు తవ్వే పనులు చాలావరకు నేల గడ్డకట్టిన చలికాలంలోనే చేసుకుంటారు. చలి అంటే మన సంక్రాంతి చలి కాదు, సున్నాకు దిగువన 40 డిగ్రీల దాకా పోయే చలి!

ఆ ఊరి దగ్గర క్లియర్‌వాటర్ నది వచ్చి అథబాస్కా నదిలో కలుస్తుంది. అథబాస్కా రాకీ పర్వతాల మంచులో పుట్టి, 760 మైళ్ళు ప్రవహించి, ఉత్తరాన అదే పేరుగల సరస్సులో పడుతుంది. ఎండ బాగా కాసిన రోజున ఈ నది ఒడ్డున నిలబడితే, కొత్తగా రోడ్డు వేసేచోట వచ్చే వాసన వస్తుంది. ఒడ్డున లేచిన గట్లు నల్లగా ఉంటాయి. వాటిలోనుంచి తారు మెల్లిగా ఊరి కిందికి కారుతూ ఉంటుంది. గట్టునుంచి ఒక పెళ్ళ పెరికి నలిపితే, బెల్లం ఎక్కువైన నువ్వుల చిమ్మిలి లాగా వేళ్ళకు అంటుకుని ఒక పట్టాన వదలదు.

ఈ తారు అక్కడికి ఎలా వచ్చింది? పది కోట్ల సంవత్సరాలకు పూర్వం అక్కడ పెద్ద పెద్ద నదులు ఇసుక మేట వేశాయి. తరవాత చాలా కాలానికి, భూగర్భంలో పుట్టిన నూనె ఆ ఇసుకలోకి పాకి వచ్చింది. అది మొదట మామూలు నూనే. కాని నేల పైభాగానికి దగ్గరగా వచ్చేసరికి సూక్ష్మజీవులు దాన్ని పట్టుకున్నాయి. పిల్లలు మిక్స్చరులో జీడిపప్పు ఏరుకు తిన్నట్టుగా, అవి నూనెలోని తేలిక పదార్థాలను తినేసి, జిగురును మిగిల్చాయి. లక్షల ఏళ్ళ పాటు సాగిన ఆ విందులో మిగిలిన ఎంగిలే ఈ నాటి తారు ఇసుక. ఇటువంటి నేల ఆల్బర్టాలో సుమారు 1,42,000 చదరపు కిలోమీటర్లు ఉన్నది.

అక్కడి ఆదివాసులైన క్రీ జాతివాళ్ళకు ఈ తారు ఎప్పటినుంచో తెలుసు. దాన్ని స్ప్రూస్ చెట్టు బంకతో కలిపి కాచి, తమ పడవల అతుకులకు పూసేవాళ్ళు. 1719లో వాపాసు అనే క్రీ మనిషి ఆ తారును హడ్సన్ అఖాతం ఒడ్డున ఉన్న ఇంగ్లీషు వర్తకుల కోటకు తీసుకుపోయి చూపించాడు. వర్తకులకు కావలసింది బీవరు తోళ్ళు. తారు సంగతి పుస్తకంలో రాసుకుని ఊరుకున్నారు. 1778లో పీటర్ పాండ్ అనే వర్తకుడు ఈ నదికే వచ్చాడు. అతని తరవాత వచ్చిన అలెగ్జాండర్ మెకంజీ, ఇరవై అడుగుల గడకర్రను కూడా సునాయాసంగా దింపవచ్చునంటూ అక్కడి తారు ఊటలను గురించి తన యాత్రా గ్రంథంలో రాశాడు. ఆ గ్రంథం 1801లో అచ్చయింది.

ఇసుకలో నూనె ఉన్నదని అందరికీ తెలుసు. దాన్ని ఇసుకనుంచి విడదీయటమే ఎవరికీ తెలియదు. ఈ పనికి పూనుకున్నవాడు కార్ల్ క్లార్క్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు. ఆయన 1923లో ఎడ్మంటన్ విశ్వవిద్యాలయపు పవర్ హౌసు కింద ఉన్న నేలమాళిగలో ఒక చిన్న యంత్రం అమర్చుకున్నాడు. వేడి నీళ్ళలో కాస్త సోడా వేసి, అందులో తారు ఇసుకను బాగా కలియబెడితే, ఇసుక అడుక్కు పోయి, తారు గాలి బుడగలను పట్టుకుని నురుగులాగా పైకి తేలింది! వినటానికి బియ్యం కడిగినంత తేలిక పనిలాగా ఉంటుంది. అది పెద్ద కర్మాగారంగా మారటానికి మాత్రం నలభై నాలుగేళ్ళు పట్టింది. 1967 సెప్టెంబరు 30న నది ఒడ్డున మొదటి పెద్ద కర్మాగారం తెరిచారు. పాపం, క్లార్క్ దాన్ని చూడలేదు. అంతకు కొన్ని నెలల ముందే, 1966 డిసెంబరులో, ఆయన చనిపోయాడు.

ఈ నాడు అక్కడి గనులు చూసినవారికి తాము చీమలమైపోయామనిపిస్తుంది. తారు ఇసుకను మోసే అతి పెద్ద లారీ ఒక్క విడతలో 360 టన్నులు ఎత్తుకుపోతుంది. దాని చక్రం రెండు నిలువుల మనిషంత ఎత్తు. అంత పెద్దవి ఎందుకంటే, ఒక పీపా నూనె రావటానికి సుమారు రెండు టన్నుల ఇసుక తవ్వాలి. ఇసుకలో తారు నూటికి పది పన్నెండు పాళ్ళే గదా!

అయితే, తవ్వి తీసే పని 250 అడుగుల లోతు వరకే గిట్టుబాటు అవుతుంది. ఆల్బర్టాలో తీయగల తారులో అయిదింట నాలుగు పాళ్ళు అంతకన్న లోతున ఉన్నది. అసలు కథ ఇక్కడే ఉన్నది. మామూలు నూనె అయితే బావి తవ్వగానే దానంతట అదే ఉబికి రావచ్చు, లేదా పంపు వేసి తోడవచ్చు. తారు అలా రాదు. చల్లగా ఉన్నప్పుడు అది నీటికన్న పది లక్షల రెట్లు చిక్కన. గొట్టం వేసి తోడబోవటం, గట్టిపడిన పాకాన్ని పుల్లతో పీల్చబోయినట్టే.

దీనికి 1958లో మేన్లీ నాట్‌లాండ్ అనే అమెరికన్ భూగర్భ శాస్త్రజ్ఞుడు ఒక ఉపాయం చెప్పాడు: తారు ఇసుక కింద ఒక అణుబాంబు పేల్చితే సరి, ఆ వేడికి తారు కరిగి గుంటలో చేరుతుంది! ఇది తమాషాకు చెప్పిన మాట కాదు. ఫోర్ట్ మెక్‌మరేకు దక్షిణంగా స్థలం కూడా చూశారు, కెనడా ప్రభుత్వం దాన్ని పరిశీలించింది కూడాను. కాని ఆ రోజులలోనే అణుపరీక్షల పట్ల ప్రజలలో భయమూ వ్యతిరేకతా పెరిగి, ఆ యోచన మూలపడింది. నదికి దిగువన బతికేవాళ్ళ అదృష్టం బాగుందనే చెప్పాలి.

మంచి ఉపాయం అణుబాంబులో లేదు, ఆవిరిలో ఉన్నది. అది బయటపడిన తీరు కూడా వింతే. 1959లో వెనిజులా దేశంలో మేనే గ్రాండే అనేచోట, ఒక బావి గుండా ఆవిరి పంపి మరొక బావివైపు నూనెను తోసే ప్రయోగం జరుగుతున్నది. ఆవిరి తోయవలసిన వైపుకు తోయక, నేలను చీల్చుకుని పైకి తన్నుకు వచ్చింది. కంగారుపడి, లోపలి ఒత్తిడి తగ్గించటానికి, ఆవిరి పంపే బావినే తెరిచారు. తీరా చూస్తే అందులోనుంచి నూనె ధారాళంగా వచ్చింది! కొన్ని వారాలు ఆవిరి పంపటం, కొన్నాళ్ళు నాననివ్వటం, తరవాత అదే బావినుంచి తోడుకోవటం—ఈ పద్ధతిని ఆల్బర్టాలోని కోల్డ్ లేక్ వద్ద ఇప్పటికీ వాడుతున్నారు.

ఇంతకన్న మేలైన పద్ధతిని రోజర్ బట్లర్ అనే ఇంజనీరు కనిపెట్టాడు. అది తెలియాలంటే మీ వంటింట్లో ఇడ్లీ పాత్ర మూత ఎత్తి చూడండి. ఆవిరి పైకి పోతుంది, చల్లటి మూతకు తగిలి నీరవుతుంది, ఆ నీరు కిందికి జారుతుంది. బట్లర్ ఇడ్లీలు తిన్నాడో లేదో గాని, ఆయన ఆలోచన అచ్చం ఇదే. భూమిలోకి నిలువుగా దిగి, తారు ఇసుక పొర అడుగున అడ్డంగా తిరిగి, అరమైలు పైచిలుకు సాగే రెండు బావులు తవ్వుతారు. ఒకదానిపైన ఒకటి, మధ్య ఎడం పదహారు అడుగులు. పై బావిలోకి 200 డిగ్రీలు దాటిన ఆవిరి పంపుతారు. ఆవిరి పైకి లేచి, చల్లని తారు ఇసుకను తాకి, తన వేడినంతా దానికిచ్చి నీరవుతుంది. తారు వంటనూనెలాగా పలచబడి, ఆ నీటితో కలిసి తన బరువుకు తానే కిందికి జారి, రెండవ బావిలో పడుతుంది. పైకి తోడుకోవటమే తరువాయి. తారు ఖాళీ చేసినచోట మళ్ళీ ఆవిరి చేరుతుంది. ఈ విధంగా భూమి లోపల ఒక ఆవిరి గది ఏళ్ళ తరబడి పెరుగుతూ పోతుంది.

మొదట దీన్ని చాలామంది నమ్మలేదు. ఆల్బర్టా ప్రభుత్వపు పరిశోధక సంస్థ ఒకటి ఫోర్ట్ మెక్‌మరేకు వాయవ్యంగా అడవిలో, ఆరు వందల అడుగులు దాటిన లోతుకు రెండు నిలువు గనులు దింపింది. తారు ఇసుక కింద ఉన్న సున్నపురాతిలో సొరంగాలు తొలిచి, మనుషులు అక్కడినుంచి పైకి బావులు తవ్వారు. 1987లో మూడు జతల బావులతో పరీక్ష మొదలయింది. తారు దిగింది! ఇప్పుడు ఎవరూ సొరంగాలలోకి దిగనక్కరలేదు. తవ్వే గొట్టాన్ని నేలపైనుంచే, అయస్కాంతాల సాయంతో, కావలసిన వంపు తిప్పుతున్నారు.

భూమిలో ఆవిరి నింపటం చెలగాటం కాదు. పైన మూతలాగా గట్టి పొర ఉండాలి. 2006 మే నెలలో జాస్లిన్ క్రీక్ అనేచోట ఆవిరి ఆ మూతను బద్దలుకొట్టుకుని పైకి లేచి, రాళ్ళు విసిరి, అడవిలో పెద్ద గుంట చేసింది. పైగా, ఒక పీపా నూనెకు సుమారు మూడు పీపాల నీటిని ఆవిరి చేయాలి. నీటిలో చాలా భాగాన్ని శుభ్రం చేసి మళ్ళీ వాడుకుంటారు గాని, దాన్ని మరిగించటానికి కాల్చిన గ్యాసు తిరిగి రాదు; దాని పొగ గాలిలో కలిసి భూమిని వేడెక్కిస్తుంది. ఒక ఇంధనం కోసం మరొక ఇంధనాన్ని తగలబెట్టటం చూస్తే మనబోటివాళ్ళకు విడ్డూరంగానే ఉంటుంది.

నూనెలోనే కొంత కాల్చి మిగిలినదాన్ని రాబట్టే పద్ధతి కూడా ఉన్నది. అది చూడటానికి కెనడా పోనక్కరలేదు. గుజరాత్‌లో మెహసానా దగ్గర బలోల్ అనేచోట, వెయ్యి మీటర్ల లోతున ఉన్న చిక్కని నూనెకు నిప్పంటించి, పైనుంచి గాలి ఊదారు. మంట ముందుకు జరిగే కొద్దీ దాని ఎదట ఉన్న నూనె కరిగి బావులకు చేరింది. 1990లో ప్రయోగంగా మొదలై, 1997లో అది పెద్ద ఎత్తున సాగింది.

మళ్ళీ అథబాస్కాకు వద్దాం. నది వెంట ఉత్తరంగా పోతే, సరస్సు ఒడ్డున ఫోర్ట్ చిపెవాయన్ అనే చిన్న ఊరు ఉన్నది. క్రీ, డెనే జాతులవాళ్ళు అక్కడ తరతరాలుగా చేపలు పట్టుకుని, వేటాడి బతుకుతున్నారు. గనులలో ఇసుక కడిగిన మురికినీరు పెద్ద పెద్ద చెరువులలో నిలవ ఉన్నది. అన్నీ కలిస్తే 200 చదరపు కిలోమీటర్లు దాటుతాయి. 2008 ఏప్రిల్‌లో ఒక చెరువులో వాలిన 1,600 బాతులు తారు అంటుకుని చచ్చిపోయాయి. 2022 మేలో ఒక గని వద్ద మురికినీరు ఊరి బయటికి వస్తున్నట్టు తెలిసింది. దాని వివరాలు దిగువ ఊళ్ళవాళ్ళకు 2023 ఫిబ్రవరిలో గాని సరిగా తెలియలేదు. తాము తాగే నీరు, పట్టే చేప ఎలాటివో తమకు వెంటనే చెప్పాలని వాళ్ళు అడుగుతున్నారు. ఇందులో అన్యాయమేమీ లేదు. అయితే ఆ ఊళ్ళవాళ్ళలోనే ఎందరికో ఈ గనులు ఉద్యోగాలిస్తున్నాయి కూడాను. ఫోర్ట్ మెక్‌మరే సంగతి చెప్పనే అక్కరలేదు. 2016 మేలో అడవి తగలబడి, 80,000 మందికి పైగా ప్రజలు ఊరు వదిలి పోవలసి వచ్చింది. 2,400 కట్టడాలు బూడిద అయ్యాయి. తిరిగి వచ్చినవారు మళ్ళీ అక్కడే ఇళ్ళు కట్టుకున్నారు.

ఆ మురికి చెరువులలో అన్నిటికన్న పాతదాన్ని 2010 నాటికి ఇసుకతో పూడ్చి, మట్టి పరచి, లక్షల కొద్దీ మొక్కలు నాటారు. చెరువు ఉన్నచోట ఇప్పుడు గడ్డీ, లేత చెట్లూ ఉన్నాయి. ఆ చోటికి పెట్టిన పేరు వాపిసివ్. క్రీ భాషలో ఆ మాటకు హంస అని అర్థం. మూడు వందల ఏళ్ళ కిందట తారు ముద్దను కోటకు మోసుకుపోయిన వాపాసు పేరే అది.