పాత ధరల పుస్తకం

2020 లాక్‌డౌన్‌లో మా మేనల్లుడు హైదరాబాద్ నుంచి డోన్ వచ్చేసి మిద్దె మీది గదిలో ల్యాప్‌టాప్ పెట్టుకున్నాడు. పగలు కంపెనీ పని, రాత్రి షేర్లు. మార్చి 23న నిఫ్టీ ఒక్కరోజే 13 శాతం పడినప్పటి నుంచి వాడికి అదే ధ్యాస. ఒక రాత్రి నన్ను పైకి పిలిచి, "చూడు మామా, 2008 నుంచి పాత ధరల మీద బ్యాక్‌టెస్ట్ చేసినా. దాదాపు అన్నిట్లోనూ లాభమే" అన్నాడు.

వాడి రూలు సులువు. షేరు తన 50 రోజుల సగటు కంటే 20 శాతం కిందికి పడితే కొనాలి, మళ్లీ సగటును అందుకుంటే అమ్మాలి. నేను సున్నపురాయి ఫ్యాక్టరీలో పద్దులు రాసినవాణ్ణి. కూడికల్లో ఎక్కడా తేడా కనపడలేదు. కంపెనీల పేర్లు పైనుంచి కిందికి చదివాను.

"సత్యం కంప్యూటర్స్ ఏదిరా?"

"అది ఇప్పుడు నిఫ్టీలో లేదు గదా మామా."

2008లో ఉంది. ఆ సంవత్సరం రూలు నడపాలంటే ఆ సంవత్సరపు లిస్టే కావాలి.

2009 జనవరి 7న నేను డోన్‌లోనే ఒక సబ్‌బ్రోకర్ గదిలో ఉన్నాను. సత్యం అంటే మన తెలుగువాళ్ల కంపెనీ అని మా వైపు చాలామంది కొన్నారు. లెక్కల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవని కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం సంగతి పొద్దున టీవీలో వచ్చింది. ముందురోజు 179 దగ్గర ముగిసిన షేరు సాయంత్రానికి 40 రూపాయల లోపుకు వచ్చింది. రైల్వేలో పనిచేసే ఒకాయన చేతిలో కాగితం పట్టుకుని, "రేపు పీర్ల పండగ, మార్కెట్టే ఉండదు. అమ్ముదామన్నా లేదు" అని అందరి ముఖాలూ చూశాడు. ఎవరూ మాట్లాడలేదు. ఏ బ్యాక్‌టెస్ట్ గురించి విన్నా నాకు ఆయన ముఖమే కళ్ల ముందుకొస్తుంది.

ఆ రోజుల నుంచీ పేపర్లో వచ్చే ముగింపు ధరలు రోజూ ఒక పుస్తకంలో ఎక్కించేవాణ్ణి. అది తెచ్చి మావాడి ముందు పెట్టాను. రాజు కుటుంబపు మేటాస్ కంపెనీల కొనుగోలు గొడవతో 2008 డిసెంబర్ 17న సత్యం సుమారు 30 శాతం పడింది. వాడి రూలు అక్కడ కొనమంటుంది. జనవరి 6 దాకా ధర సగటును అందుకోలేదు కాబట్టి అమ్మనివ్వదు. ఆ తర్వాత ధర పైకి పోలేదు, సగటే వారం వారం దిగివచ్చి ధరను కలుసుకుంది. అప్పుడు అమ్మమంది. పెట్టిన డబ్బులో మూడో వంతు కూడా మిగల్లేదు.

తొలకరి పడగానే మా వైపు జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం ఎంతమంది వెతుకుతారో మాకు తెలుసు. పేపర్లోకి ఎక్కేది మాత్రం దొరికినవాడే. ఇప్పటి నిఫ్టీ లిస్టు కూడా దొరికినవాళ్ల లిస్టే. పడినప్పుడు కొనే రూలుకు అందులో ఎదురే ఉండదు, పడి లేవనివాళ్లు అందులో లేరు కనుక.

మావాడు వాదించలేదు. ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం లిస్టు వెతికి పట్టుకొచ్చాడు. ముగింపు ధర చూశాక అదే ధరకు కొనలేం కాబట్టి మర్నాటి మొదటి ధర పెట్టాడు. కొన్నా అమ్మినా 0.1 శాతం చొప్పున పడే ఎస్‌టీటీ పన్ను లాభంలోంచి తీసేశాడు. నా పుస్తకంలో 2018 సెప్టెంబర్‌లో ఇన్ఫోసిస్ ధర ఒక్కరోజులో సగమై కనిపిస్తుంది. అది షేరుకు షేరు ఇచ్చిన బోనస్. తెలియక అట్లాగే ఎక్కిస్తే రూలు పెద్ద పతనమనుకుని కొంటుంది. 2016 తర్వాతి డేటాను విడిగా దాచి, రూలు ఖాయం చేశాకే దాని మీద నడిపించాడు. లాభం బాగా తగ్గింది. నాకు నమ్మకం కలిగింది అప్పుడే.

ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో 2021-22 నుంచి మూడేళ్లలో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024లో చెప్పింది. మా ఊరి పిల్లలెవరైనా స్ట్రాటజీ అంటూ వస్తే, ముందు ఏ లిస్టు వాడారో చూపించమంటాను.

నిఫ్టీలో సత్యం ఖాళీ చేసిన చోటుకు 2009లో వచ్చింది రిలయన్స్ క్యాపిటల్. 2021 నవంబర్‌లో రిజర్వ్ బ్యాంకు దాని బోర్డునే రద్దు చేసింది. ఆ రాత్రి మావాడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు.

"దాని వరస కూడా తీసెయ్యలేదు మామా. నష్టంతో సహా అట్లే ఉంచినా."