డబ్బీలో మూడు దేశాలు

నెలలో రెండో ఆదివారం. కడపలో ఓ రిటైరైన లెక్కల సారు ఇంటి వరండా. పది గంటలకల్లా చాప మీద తెల్ల తువ్వాలు పరిచేస్తారు. చెయ్యి జారినా నాణేనికి నొక్కు పడకూడదు కదా! వాచీలు బాగుచేసే భాయి వస్తాడు. బ్యాంకు క్యాషియరుగా చేసి దిగిపోయిన పెద్దాయన, ఇంటర్ చదివే ఓ అమ్మాయి వస్తారు. కుశల ప్రశ్నలేవీ ఉండవు. అందరిదీ ఒకటే ప్రశ్న... 'ఈ నెల ఏం దొరికింది?'

విదేశీ నాణేలు పోగుచేసే పిచ్చి వీళ్లది. నలుగురిలో ఒక్కరూ విమానం ఎక్కి ఎరుగరు. ప్రపంచమే చిల్లర రూపంలో వీళ్ల దగ్గరికి వస్తుంది. కువైట్ నుంచి సెలవుకొచ్చినవాళ్ల జేబుల్లో మిగిలినవి కొన్ని, అమెరికాలో కొడుకుని చూసొచ్చిన తల్లుల పర్సుల అడుగున పడి ఉన్నవి కొన్ని. నోట్లయితే మార్చుకోవచ్చు. చిల్లరను మార్పిడి దుకాణాలవాళ్లు సాధారణంగా ముట్టుకోరు. అందుకే అవి పిల్లల ఆటసామానులోకి, అదృష్టం బాగుంటే అక్కడి నుంచి ఈ తువ్వాలు మీదికి చేరతాయి.

ఆ రోజు ముందుగా అమ్మాయి జపాన్ అయిదు యెన్‌ల నాణెం తీసింది. నడుమ గుండ్రటి చిల్లు. పెద్దాయన మాట్లాడకుండా జేబులోంచి 1943 నాటి మన చిల్లుకాణీ తీసి దాని పక్కన పెట్టాడు. యుద్ధకాలంలో లోహం ఆదా చేయడానికి అచ్చేసినది. తర్వాత భాయి వంతు. థాయిలాండ్ పది బాత్. చుట్టూ తెలుపు, నడుమ పసుపు. దానిమీద సంవత్సరం 2551! ఇంకా రాని ఏడాది నాణేనికి ఎలా వచ్చిందని అమ్మాయి తెల్లబోయింది. అది బుద్ధశకం. 543 తీసేస్తే 2008. సారుకు ఇలాంటి తీసివేతలంటే ప్రాణం. హిజ్రీ దగ్గర మాత్రం తీసివేత ఒక్కటే చాలదు. చాంద్రమాన సంవత్సరం మన క్యాలెండర్ కన్నా పదకొండు రోజులు చిన్నది. ఆ లెక్క మొదలెడితే ఆయన ఓ పట్టాన ఆపడు.

అప్పుడే గేటు చప్పుడైంది. అరవై ఏళ్లుంటాయేమో ఆమెకు. రాజంపేట దగ్గరి పల్లె. భాయి అంగడికి వాచీ తెచ్చినప్పుడు ఈ మాట, ఆ మాట వచ్చి, ఆయనే ఇక్కడికి రమ్మన్నాడు. కొంగులోంచి స్టీలు డబ్బీ తీసింది. మూడేళ్ల క్రితం పోయిన భర్త పెట్టెలో దొరికిందట.

"మూడు లచ్చలొస్తాయని ఫోన్లో చెప్పినారు సార్. రిజర్వ్ బ్యాంకోళ్లమన్నారు. ముందు ఆరువేలు కట్టమంటాండారు. మనవరాలి ఫీజుకు అక్కరకొస్తాయని..."

పెద్దాయన గట్టిగా తల అడ్డంగా ఊపాడు. పాత నాణేల క్రయవిక్రయాలతో తనకు సంబంధం లేదని, తన పేరిట ఫీజులు వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. అయినా ఆ ఫోన్లు ఆగలేదు.

"చింతపండు పెట్టి తోమి తెద్దామనుకుంటి" అందామె. తోమకపోవడమే మంచిదైంది. తోమితే మెరుస్తాయి, వయసుతో వచ్చిన రంగు మాత్రం పోతుంది. ఈ పిచ్చి ఉన్నవాళ్లు మొదట నేర్చుకునే పాఠం అదే.

సారు డబ్బీ తువ్వాలు మీద వంచాడు. పందొమ్మిది నాణేలు. దాదాపు అన్నీ కువైట్‌వే. తెరచాప ఓడ బొమ్మ చూడగానే తెలిసిపోతుంది. 1961లో సొంత దినార్ వచ్చేదాకా అక్కడ చెలామణీ అయింది రూపాయే. ఆ తర్వాతే ఈ ఓడలు.

"అన్నీ కలిపినా కొన్ని వందలు రావడం కూడా కష్టమమ్మా" అన్నాడు సారు. ఆమె ఏమీ అనలేదు. కొంగు సర్దుకుంది. ఇలాంటి మాట చెప్పాల్సి వచ్చినప్పుడు ఈ సరదా ఎందుకు పెట్టుకున్నామా అనిపిస్తుంది.

అడుగున రెండు వేరే రకంవి ఉన్నాయి. ఒకదాని మీద మూడు ఖర్జూరపు చెట్లు. ఇంగ్లీషు అక్షరం లేదు. ఉర్దూ చదివిన భాయి కూడబలుక్కుని 'ఇరాక్' అన్నాడు. రెండోదాని మీద ఓ రాజు తల. జోర్డాన్ రాజు హుస్సేన్. సారు ఆల్బమ్‌లో జోర్డాన్ గడి ఏళ్లుగా ఖాళీ. భూతద్దం ఆయన చేతిలో కాసేపు అలాగే ఉండిపోయింది.

"ఆయన కువైట్ తప్ప యాడికీ పోలేదే సార్" అంది ఆమె.

"ఎప్పుడొచ్చేసినాడమ్మా?"

"మా పెద్దపాప పుట్టిన యాడాది. కువైట్‌లో యుద్ధమప్పుడు. బొంబాయి నుంచి రైల్లో వచ్చినాడు. ఒంటి మీద చొక్కా ఒకటే. ఏమైందంటే ఏపొద్దూ చెప్పలేదు."

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లోకి వచ్చాయి. అక్కడ చిక్కుకున్న మనవాళ్లలో చాలామంది బస్సుల్లో, లారీల్లో ఇరాక్ దాటి జోర్డాన్ చేరారు. ఎడారిలో గుడారాల్లో పడిగాపులు పడ్డారు. అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాలు లక్ష మందికి పైగా బొంబాయికి చేర్చాయి. నాణేలు చేతులు మారతాయి. ఎవరో స్నేహితుడు ఇచ్చినవీ కావచ్చు. సారు ఆ మాటా చెప్పాడు. కానీ కువైట్, ఇరాక్, జోర్డాన్... మూడూ ఒకే డబ్బీలో ఉన్నాయి.

అమ్మాయి లేచి లోపలి నుంచి అట్లాసు తెచ్చింది. సారు కువైట్ మీద ఓడ బొమ్మ నాణెం, బాగ్దాద్ మీద ఖర్జూరాల నాణెం, అమ్మాన్ మీద రాజు తల నాణెం పెట్టాడు. ఆమె ముందుకు వంగి, ఒకదాని నుంచి ఇంకోదానికి వేలు జరిపింది.

కువైట్‌వి మిగిలిన పదహారింటికీ నలుగురూ తలా కొంత వేసుకుని ఆమె చేతిలో డబ్బు పెట్టారు. పాపం ఆమెకు కావాల్సిన ఫీజులో అది ఏ మూలకూ రాదు. ఈ మూడింటినీ సారు అట్టముక్కల్లో బిగించి, ఒక్కోదాని మీదా దేశం పేరు తెలుగులో రాసి ఇచ్చాడు. ఆల్బమ్‌లో జోర్డాన్ గడి అలాగే ఉంది.

గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"ఆ గుడారాల్లో ఎన్నాళ్లుండెనో బిళ్ల మీద రాసి ఉంటాదా సార్?"

"ఉండదమ్మా" అన్నాడు సారు.