లాగ్ లేని తలుపు

నేనూ, ఒక మిత్రుడూ పాత తెలుగు పత్రికలు ఎక్కడ దొరికినా స్కాన్ చేసి, అద్దెకి తీసుకున్న ఒక చిన్న సర్వర్‌లో దాచుకుంటాం. దానికి బయటినుంచి రావాల్సింది మేమిద్దరమే. ఆ సంగతి ఇంటర్నెట్‌కి తెలీదు కదా.

మొదటిరోజు లాగ్ ఫైల్ తెరిస్తే కళ్ళు తిరిగాయి. 22, 23, 445, 3389... ఏ పోర్ట్ చూసినా ఎవరో తడుతూనే ఉన్నారు. నామీద పగతో కాదు. ఐపీవీ4 చిరునామాలన్నీ కలిపితే సుమారు 430 కోట్లు. 2013లో మిషిగన్ యూనివర్సిటీ వాళ్ళు విడుదల చేసిన జీమ్యాప్, ఒక్క కంప్యూటర్ నుంచి వాటన్నిటినీ 45 నిమిషాల్లోపు చుట్టి రాగలిగింది. అంత చవకైన పని కాబట్టే అందరి తలుపులూ తడతారు. 2016లో మిరాయ్ కూడా టెల్నెట్ తెరిచి ఉన్న కెమెరాలనీ, రూటర్లనీ ఇలా వెతికే పట్టుకుంది.

ఫైర్‌వాల్‌లో మా ఇద్దరి చిరునామాలకి మాత్రం అనుమతిచ్చి, మిగతాదంతా డ్రాప్ అన్నాను. లాగ్ రాసే రూల్ తీసేశాను. చెత్తకి డైరీ ఎందుకు, డిస్క్ నిండటం తప్ప! రిజెక్ట్ పెడితే కనీసం ‘వద్దు’ అని జవాబు వెళ్తుంది. డ్రాప్ అదీ చెప్పదు. అవతలివాడు ఎదురుచూసి, విసిగి, వెళ్ళిపోవాలి.

ఆ నెలలోనే మిత్రుడి కథల సంపుటి మీద సమీక్ష రాశాను. మూడు కథల్లో ముగింపు బలవంతంగా ఉందన్నాను. తర్వాత అతన్నుంచి స్కాన్లు రావడం ఆగిపోయింది. అలిగాడనుకున్నాను. ఒక్క ఫోన్ కూడా చేయలేదు. విమర్శ పడనివాడిని నేనెందుకు బతిమాలాలి అన్న పొగరు.

ఆరు వారాల తర్వాత ఒక పుస్తకావిష్కరణలో ఎదురయ్యాడు. ‘తలుపేసుకుంటే వేసుకున్నావు, ఒక మాట చెప్పి వేసుకోవచ్చు కదరా’ అన్నాడు.

జరిగింది ఇంతే. అతని బ్రాడ్‌బ్యాండ్ చిరునామా మారింది. నా రూల్‌లో పాతదే ఉంది. నాలుగు రాత్రులు ప్రయత్నించి, సమీక్ష మీద తను ఏదో అంటాడని ముందే నేను వెలేశాననుకున్నాడు. నిజానికి సమీక్షకి అతనికి కోపమే రాలేదట.

ఇంటికొచ్చి చూశాను. లాగ్ లేకపోయినా ప్రతి రూల్ దగ్గరా ఎన్ని ప్యాకెట్లు తగిలాయో ఫైర్‌వాల్ లెక్క ఉంచుతుంది. డ్రాప్ పక్కన లక్షల్లో అంకె. ఆ నాలుగు రాత్రులు అందులోనే ఉన్నాయి, విడదీసే దారే లేదు.

23, 445, 3389లకి ఇప్పటికీ లాగ్ పెట్టలేదు. నాకు కావలసినవాళ్ళెవరూ అటునుంచి రారు. మేం వాడేదాన్ని మాత్రం వేరే పోర్ట్‌కి మార్చి, అక్కడ నిమిషానికి ఐదు వరుసలు మించకుండా లాగ్ పెట్టాను. డ్రాప్ తీసి రిజెక్ట్ పెట్టాను. అలా చేస్తే ఇక్కడొక సర్వర్ ఉందని బాట్లకి తెలిసిపోతుందంటారు. తెలియనీ.

ఆ మూడు ముగింపుల గురించి మాత్రం అతనింకా ఒప్పుకోలేదు. మొన్న రాత్రి గంటసేపు ఫోన్లో వాదించాడు.