టైర్ల కంటే ముందు కమాన్ కట్టలు

నా బండి 2012 మోడల్ థార్. 2019లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. నేను జియాలజీ చెబుతాను. పిల్లల్ని భువనగిరి గుట్టకో, నల్లగొండ వైపు డోలరైట్ డైకులు చూపించడానికో తీసుకెళ్లొచ్చని ఆశ. అలాంటి రోజులు ఏడాదికి పదికి మించవు. మిగతా రోజులన్నీ తార్నాకలో ఇంటి నుంచి ఉస్మానియా క్యాంపస్‌కి, మెట్రో పిల్లర్ల పక్కన ట్రాఫిక్‌లో, ఆర్ట్స్ కాలేజీ దారిలో స్పీడ్ బ్రేకర్ల మీద. ఒక్కో బ్రేకర్‌కి వెనక సీట్లో మా అమ్మ నడుం పట్టుకునేది.

2021లో టైర్లు గుండు కొట్టినట్టు అరిగిపోయాయి. ఆ పది రోజుల్నే మనసులో పెట్టుకుని మడ్ టెర్రైన్ టైర్లు కొన్నాను. ఒక్కోటి 14,500, నాలుగింటికి 58,000. డబ్బు కోసం లక్ష రూపాయల చీటీని నాలుగో నెలలోనే 25,000 తగ్గించి పాడాను. ఆ తర్వాత డివిడెండ్ రూపంలో కొంత తిరిగొచ్చింది గానీ, ఆగి పాడుకుంటే ఇంకా చాలా మిగిలేది.

పద్నాలుగు నెలలు, 9,000 కిలోమీటర్లు. అంతే. టైరు మీద చెయ్యి పెట్టి రాస్తే ఎత్తుపల్లాలు తగిలాయి. నాసిరకం టైర్లు అంటగట్టారని కోపంగా లాలాపేటలో నాకు తెలిసిన షెడ్డుకి వెళ్లాను. మెకానిక్ భాయ్ బండి కిందికి దూరి, టార్చి వేసి పిలిచాడు.

"టైరు ఖరాబ్ కాలే సార్. గీ షాకప్స్ సచ్చినయ్, బుష్‌లు పోయినయ్. గవే టైరును తింటున్నయ్."

చూశాను. వెనక కమాన్ కట్టల మధ్య తుప్పు పట్టింది. కట్ట చివర బుష్‌లలో రబ్బరు పిండిలా రాలుతోంది. బండి వెనక బరువు మోసేది కమాన్ కట్ట. అది ఊగిన ఊపును ఆపేది షాకప్. షాకప్‌లో నూనె కారిపోతే చక్రం నేల మీద నిలకడగా దొర్లదు, చిన్నచిన్నగా ఎగురుతుంది. ఎగిరి పడ్డ చోటల్లా రబ్బరు గీక్కుపోతుంది. రాళ్ల మీద అరుగుదల చూసి కారణం చెప్పే పాఠమే నా జీవనోపాధి. ఆ చూపుతో నా టైరును ఒక్కసారైనా చూడనందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఈసారి వరస మార్చాను. రాణిగంజ్‌లో నాలుగు షాకప్స్, బుష్‌ల సెట్టు కొన్నాను. కట్టలు విప్పించి, తుప్పు గీకించి, వంపు సరిచేయించి, కొత్త యూ బోల్టులు వేయించాను. అలైన్‌మెంట్‌తో కలిపి 25,000. ఆ తర్వాతే టైర్లు. ఈసారి ఆల్ టెర్రైన్ రకం, ఒక్కోటి 11,000.

పెద్ద సైజు వేసుకోమని మిత్రులు చెప్పారు. కంపెనీ సైజు 235/70 ఆర్16. దాని బదులు 245/75 వేస్తే చక్రం వ్యాసం 5 శాతం పెరుగుతుంది. మీటరు 100 చూపిస్తుంటే బండి 105లో పోతుంటుంది. పైగా ఆర్‌సీలో ఉన్న వివరాలకు, కంపెనీ ప్రమాణాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రేపు ప్రమాదం జరిగితే బీమా క్లెయిమ్‌కి అదే అడ్డం పడొచ్చు. వద్దన్నాను.

మొదటి టైర్లకు కిలోమీటరుకు 6 రూపాయల 44 పైసలు పడింది. డీజిల్ లీటరు 98 రూపాయల దగ్గర, మైలేజీ 11 ఉన్న రోజుల్లో డీజిలు ఖర్చే కిలోమీటరుకు తొమ్మిది. అంటే డీజిలు ఖర్చులో మూడింట రెండు వంతులకు పైగా టైర్ల రూపంలోనూ రోడ్డు మీద రాలిపోయింది. రెండో విడత టైర్లు ఇప్పటికి 27,000 కిలోమీటర్లు తిరిగాయి. రిపేరు ఖర్చు కలిపినా కిలోమీటరుకు 2 రూపాయల 56 పైసలు, ఇంకా గ్రిప్ ఉంది.

2027లో బండికి పదిహేనేళ్లు నిండుతాయి. రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కి ఫీజే 5,000, దాని పైన గ్రీన్ ట్యాక్స్, ఫిట్‌నెస్‌కి ముందు చేయించాల్సిన పనులు. వీటి కోసం నెలకు 2,500 ఆర్‌డీ కడుతున్నాను. ఈసారి చీటీ జోలికి పోలేదు. నెల మొదటి ఆదివారం గాలి చూసి, నాలుగు టైర్ల లోతు కొలిచి డైరీలో రాస్తాను. పక్కన అమ్మ నిలబడి, బుష్‌లు కూడా చూశావా అని అడుగుతుంది.